బయట గడియ పెట్టిన చీకటి గది

ఒట్టు. ఫొటోలు కడిగే డెవలపరు మందులో నాని నాని గోళ్ళు గోధుమరంగుకి తిరిగిపోయిన ఈ కుడిచేతి మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం.

నవ్వకండి. నా సంగతి అమలాపురంలో అందరికీ తెలుసు. నేను ఒట్టు అనగానే టీ బడ్డీ వీర్రాజు తన గ్లాసు బల్ల మీద పెట్టి లేచిపోతాడు. "ఈయనేసిన ఒట్లకి ఈపాటికి చెయ్యి ఊడిపోవాలండి" అంటాడు. వరదల్లో మా స్టూడియో గుమ్మంలోకి మొసలి వచ్చి పాస్‌పోర్టు ఫొటో తీయించుకుందని ఒకప్పుడు చెప్పాను. చెప్పలేదనను. అది సరదాకి. ఇది వేరు. ఇది... నాకు జరిగింది.

మాది ఫొటో స్టూడియో. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, ఆధార్ ఫొటోలు. వెనక గది మాత్రం నాన్నగారి నాటి డార్క్‌రూమ్. కిటికీ ఉండేది, ఆయనే ఇటుకలు పెట్టి మూసేశారు. పైన రేకులు. పేపరుకి హాని చెయ్యని ఎర్ర బల్బు, గాలి లాగే ఫ్యాను, గోడవార నెగిటివు బొమ్మని కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జరు, బల్ల మీద మూడు ట్రేలు. ఒకదాంట్లో బొమ్మని తేల్చే డెవలపరు, రెండోదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో తేలిన బొమ్మని నిలిపే హైపో. ఈ రోజుల్లో ఇదెందుకంటారా? హైదరాబాదు కుర్రాళ్ళకి మళ్ళీ ఫిల్ము మోజు పుట్టింది. రీళ్ళు పంపిస్తారు. నేను ప్రింట్లు వేసి పంపిస్తాను.

కాంట్రాస్టు అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. లేకపోతే తర్వాత భయపడాల్సిన చోట మీకు భయం వెయ్యదు.

నలుపుకీ తెలుపుకీ మధ్య ఎడం ఎంత ఉండాలన్నదే కాంట్రాస్టు. పప్పుచారులో పులుపు లాంటిది. తక్కువైతే బొమ్మంతా చప్పగా, బూడిద పూసినట్టు ఉంటుంది. ఎక్కువైతే నలుపు బొగ్గు, తెలుపు సున్నం, మధ్యలో ఏమీ మిగలదు. నాన్నగారి కాలంలో సాఫ్టు, నార్మలు, హార్డు అని వేరే వేరే పేపర్లు వచ్చేవి. ఇప్పుడు పేపరు ఒకటే. ఎన్‌లార్జరుకి పసుపు ఫిల్టరు పెడితే బొమ్మ మెత్తగా పడుతుంది, గులాబీ ఫిల్టరు పెడితే కరుగ్గా పడుతుంది. విద్యంతా ఇంతే. అయితే నాన్నగారు ఒక మాట అంటూండేవారు. "ఒరేయ్, కాంట్రాస్టు ఉన్నదాన్ని విడదీస్తుందిరా. లేనిదాన్ని పుట్టించదు."

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. డార్క్‌రూమ్‌లో ఎవరు పనిచేస్తున్నా బయట గడియ పెట్టాలి. వెనకటికి మా మేనమామగారు ఒకాయన "కాఫీ తాగుతావా బావా" అంటూ తలుపు బార్లా తీసి, ఒక పెళ్ళి ఫొటోలన్నీ నల్లగా మాడ్చేశారట. అప్పటినుంచీ ఈ గడియ. లోపలే ఎందుకు పెట్టుకోకూడదూ అంటే, మందుల ఘాటుకి లోపలివాడు కళ్ళు తిరిగి పడిపోతే బయటివాళ్ళు తలుపు తీసి లాక్కురావాలి కదా అని. తీసేవాళ్ళు మూడుసార్లు తట్టాలి. లోపలి నుంచి "రా" అన్నాకే తీయాలి. ఫోను కూడా బయటే వదలాలి. ఆ కాస్త వెలుగు చాలు, పేపరు పాడైపోవడానికి.

అంటే... లోపల ఉన్నవాడు లోపలే. బయటివాళ్ళకి గుర్తున్నంతవరకూ.

ఆ రోజు అల్పపీడనం. పొద్దుటినుంచీ ఒకటే వాన. మధ్యాహ్నం ఒకావిడ తడుస్తూ వచ్చింది. పెద్దావిడ. గుమ్మం దగ్గర ఆగి, తల ఓ పక్కకి వంచి, కుడికంటితో మాత్రమే నన్ను వెతుక్కుంది.

"బాబుగారండీ, పెద్ద ఫొటోగ్రాపరుగారు ఉన్నారాండి?"

"నాన్నగారు పోయి చాలాకాలమైందమ్మా. కూర్చోండి. మీరు?"

"మంగాయమ్మండి. ఓడలరేవు అవతలండి మాది. మా ఆయన పోలయ్యండి, పడవోరు. రేవులో మీ నాన్నగారు ఓసారి ఆయన్ని ఫొటో తీసేరండి. పడవ మీద, సాయంత్రం పూట. నేను అడిగితే 'ఎదురెండమ్మా, మొకం రాలేదు' అనేసేరు. ఇవ్వలేదండి. ఆ తరవాత నెల తిరక్కుండా సముద్రం మీదకెళ్ళేరండి మా ఆయన... రాలేదండి. ఒళ్ళు కూడా దొరకలేదు."

ఇంట్లో ఫొటో ఒక్కటి కూడా లేదా అన్నాను. ఉన్న ఒక్కటీ తుఫాన్లో పెట్టెతో సహా కొట్టుకుపోయిందంది. ఎడంకన్ను నీటికాసులొచ్చి ఎప్పుడో పోయిందట. కుడికంటికి మర్నాడు కాకినాడలో ఆపరేషను.

"సూపు నిలబడుద్దని గట్టిగా సెప్పలేనన్నారండి డాట్రుగారు. అందుకని ఈ కన్నుండగా ఓసారి ఆయన మొకం సూసుకోవాలండి."

"ఎలా ఉండేవారమ్మా ఆయన?"

మంగాయమ్మగారు తడి కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"సెప్పలేనండి. అదేగా బాబుగారూ నా బాధ. బుజాలు గుర్తున్నాయండి. గెడ ఏసేటప్పుడు ఈపు గుర్తుందండి. మాటా పలుకూ పెద్దగా ఉండేది కాదండి, ఏమన్నా 'ఆయ్' అనేవోరంతే. మొకం కాడికొచ్చేసరికి... సెరిగిపోయిందండి."

ఇంకో మాట కూడా అంది. "నాకు అన్నీ పొగమంచులో ఉన్నట్టుంటాయండి. నలుపు నలుపులాగ, తెలుపు తెలుపులాగ గట్టిగా ఏస్తేనే నా కంటికి ఆనుద్ది."

రాత్రికి బస్టాండు దగ్గర మేనకోడలింట్లో పడుకుని, తెల్లవారగట్ల కాకినాడ బస్సుకి ముందు వస్తానని చెప్పి వెళ్ళింది.

నాన్నగారు ఒక్క నెగిటివు కూడా పారేసే మనిషి కాదు. అటకమీది రేకు పెట్టెలు దింపి వెతికాను. దొరికింది. వెనక ధగధగలాడే గోదారి. ముందు పడవ. పడవ తోసే గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి, తలకి తువ్వాలు. ఎదురెండ వల్ల ముఖమంతా నీడ. అయితే ముఖం ఉంది. భూతద్దం పెట్టి చూస్తే కళ్ళ దగ్గరా ముక్కు దగ్గరా చిన్న తేడా. అద్దం మీద ఊపిరి వదిలితే పడేంత మరక. ఉన్నదాన్ని విడదీయొచ్చు కదా. గులాబీ ఫిల్టరు వేసి లాగుదాం అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి లోపలికి వెళ్ళాను. మా ఆవిడ సత్యవతి చీర మార్చుకుని వచ్చింది.

"ఏవండీ, శారదగారింట్లో పేరంటానికి వెళ్ళొస్తాను. ముందు షట్టరు దింపి తాళం వేసుకుంటాను. గడియ పెట్టెయ్యనా?"

"పెట్టు. త్వరగా రా."

"మీరు లోపలికెళ్తే లోకం గుర్తుంటుందా ఏంటి? త్వరగా రా అంట!"

టక్. గడియ పడింది. షట్టరు దిగిన చప్పుడు. తర్వాత రేకుల మీద వాన తప్ప ఏమీ లేదు.

పేపరు పెట్టెలో ఫొటో కాగితాలు నాలుగంటే నాలుగు మిగిలాయి. కొత్త ప్యాకెట్టు ముంబైలో బయల్దేరింది కానీ దారిలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మొదటిది పసుపు ఫిల్టరుతో వేశాను. గోదారి చక్కగా వచ్చింది. ముఖం... బూడిద గుమ్మడికాయ. రెండోది గులాబీ ఫిల్టరుతో. పడవ అంచు, భుజం కండలు, తువ్వాలు మడతలు, అన్నీ కత్తితో కోసినట్టు వచ్చాయి. ముఖం బొగ్గు ముక్క. మూడోది కొంత పసుపు, కొంత గులాబీ. ముఖం చోట మసక. మనిషి ఉన్నాడు. మనిషి లేడు.

ఒక్కటే మిగిలింది.

ఈసారి తొందరపడలేదు. గోదారికి పసుపు, మనిషికి గులాబీ. ముఖం నల్లబడకుండా, తీగ చివర చిన్న అట్టముక్క కట్టి, దాని నీడ సరిగ్గా ముఖం మీద పడేలా ఆడిస్తూ వెలుగిచ్చాను. చెయ్యి ఆగితే అట్టముక్క అచ్చు పడిపోతుంది. ఊపిరి బిగబట్టాను. అయింది. కాగితం తీసి డెవలపర్లో దించాను. ట్రే మూల ఎత్తి, దించి, ఎత్తి, దించి... మందు కాగితం మీద సమంగా పారాలి. లేకపోతే బొమ్మ మరకలు కడుతుంది.

ఎర్ర వెలుగులో కాగితం మీద ముందు పడవ వచ్చింది. తర్వాత గెడ. భుజాలు. తువ్వాలు. ముఖం చోట తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే... తల వంచి చూస్తున్నాను... ఇప్పుడొస్తుంది... ఇప్పుడు...

కరెంటు పోయింది.

ఎర్ర బల్బు లేదు. ఫ్యాను గరగరమంటూ తిరిగి తిరిగి ఆగిపోయింది. ఈ గదికి ఇన్వర్టరు లైను లేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మీరు చూసిన చీకటి చీకటి కాదండీ. అందులో ఎక్కడో ఒక నక్షత్రమో, తలుపు సందో ఉంటుంది. మా నాన్నగారు చీకటిని ఇటుకలు పెట్టి కట్టారు.

చెయ్యి ట్రే మీదే ఉంది. పరవాలేదు, అంచనాతో తీసి హైపోలో వేద్దాం అనుకున్నాను. కానీ ముఖం వచ్చిందో లేదో తెలియదే! ముందే తీస్తే తెల్లగా ఆగిపోతుంది. ఆలస్యమైతే నల్లబడిపోతుంది. ఉన్నది ఒకటే కాగితం.

సరిగ్గా అప్పుడు... తలుపు దగ్గర...

కిర్ర్...

గడియ. తుప్పు పట్టిన మా గడియ ఎవరో మెల్లగా లాగుతున్నారు. తట్టలేదు. మూడుసార్లు కాదు, ఒక్కసారి కూడా తట్టలేదు.

కిర్ర్ర్...

ముందు గదిలో ఇన్వర్టరు లైటు వెలుగుతూ ఉంటుంది. తలుపు బెత్తెడు తెరుచుకున్నా చాలు, నేను బయటపడతాను. మంగాయమ్మగారి మొగుడు మాత్రం నల్లగా మాడిపోతాడు. గుండె "తీయండి బాబూ, తీయండి" అని కొట్టుకుంటోంది. ఉన్నపళాన ట్రే వదిలేసి తలుపు మీద పడ్డాను. రెండు చేతులూ ఆనించి, నా చెర తలుపు నేనే గట్టిగా మూసి పట్టుకుని అరిచాను.

"తియ్యకండి! పేపరు బయటుంది! తియ్యకండి!"

కిర్రుమనడం ఆగింది.

వాన.

తర్వాత తలుపుకి అవతల, నా చెవికి చాలా దగ్గరగా, ఎంతో మర్యాదగా...

"ఆయ్."

గడియ మళ్ళీ వెనక్కి జరిగి, టక్ మని పడింది.

"హమ్మయ్య" అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. చెమట తుడుచుకున్నాను. ఆ తర్వాత మెల్లగా బుర్రకెక్కింది. సత్యవతి నాతో ఎన్నడూ "ఆయ్" అనదు. "సర్లెండి" అంటుంది. పైగా అది మగగొంతు. షట్టరుకి తాళం ఉంది. తాళంచెవి సత్యవతి దగ్గరుంది.

"ఎవరండీ?" అన్నాను. తలుపు బాదాను. "సత్యా! సత్యా!" అని అరిచాను. రేకుల మీద వాన నా గొంతుని నాకే వినపడనివ్వలేదు.

కానీ... ఇంకొకటి వినపడింది.

చళక్...

వెనకనుంచి. గది లోపలినుంచి.

చళక్... చళక్...

ట్రే. డెవలపరు ట్రే. ఎవరో ఒక మూల ఎత్తుతున్నారు... దించుతున్నారు. ఎత్తుతున్నారు... దించుతున్నారు. నిదానంగా. సమంగా. నేను ఊపేదానికంటే బాగా. రేవులో కట్టేసిన పడవకి నీళ్ళు తగులుతాయే, అచ్చం అలా.

నా చేతులు రెండూ తలుపు మీదే ఉన్నాయి. అనుమానం వచ్చి ఒకదానితో ఇంకోదాన్ని పట్టుకుని చూసుకున్నాను. రెండూ ఉన్నాయి. రెండూ నావే.

చళక్... చళక్...

ముందు గడియ పడ్డ తలుపు. వెనక ఆ చప్పుడు. మధ్యలో నేను. తలుపులోకి ఇంకిపోదామన్నంతగా వీపు ఆనించి నిలబడ్డాను. హైపో ఘాటులోంచి ఇంకో వాసన వచ్చింది. తడిసిన కొబ్బరిపీచు తాడు వాసన. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చీకట్లో కాలానికి అంచులుండవు. చివరికి, పిల్లి గొంతుతో అడిగాను.

"పోలయ్యగారా...?"

చూశారా, గారు! భయం వేసినప్పుడు మా కోనసీమవాళ్ళకి మర్యాద ఇంకా పెరుగుతుంది.

ట్రే ఆగిపోయింది.

అది మాత్రం... ఆ చప్పుడు కంటే ఆ చప్పుడు ఆగడం చాలా ఘోరంగా ఉంది. ఊగినంతసేపూ ఎక్కడున్నాడో తెలిసేది. ఇప్పుడు ఎక్కడైనా ఉండొచ్చు.

కరెంటు వచ్చింది.

ఎర్ర వెలుగు. ఫ్యాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ట్రేలో మందు ఇంకా అలలు కొడుతోంది. కాగితం అడుగున... ముఖం.

ముఖం వచ్చింది. మీసం, దవడ, నవ్వీ నవ్వని పెదాలు. నలుపు నలుపులా, తెలుపు తెలుపులా. కళ్ళు నా వంకే ఉన్నాయి. ఎక్కడా మరక లేదు. చేతికి అలవాటు కదా, తీసి నీళ్ళలో ముంచి హైపోలో వేశాను. ఎడం కనుబొమ్మ మధ్యలో సన్నటి తెల్లగీత ఉంది. నెగిటివు మీద గీత పడిందేమో, ఆరాక సన్నటి కుంచెతో కప్పేద్దాం అనుకున్నాను.

టక్. టక్. టక్.

"రావచ్చా?"

"రా! రావే తల్లీ, రా!"

సత్యవతి తలుపు తీసింది. చీర మోకాళ్ళ దాకా తడిసింది.

"ఇందాక నువ్వొచ్చి గడియ తీయబోయావా?"

"నేనా? ఈ వానలోనా? ఇప్పుడేగా షట్టరు ఎత్తాను. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది." నా వంక పరీక్షగా చూసింది. "అదేంటండీ, మీ మొహం హార్డు పేపరు మీద వేసినట్టుంది!"

చెప్పాను. అంతా విని కొంగు పిండుకుంది.

"గాలికి తలుపు ఊగి గడియ కిర్రుమనుంటుంది. రోడ్డు మీద ఎవరో ఎవరితోనో ఆయ్ అనుంటారు. ఆయ్ అనని మనిషి ఉన్నాడా ఈ ఊళ్ళో?"

"మరి ట్రే?"

"మీరే ఊపుంటారు. నిద్దట్లో కూడా ఊపుతారు మీరు చెయ్యి. నాకు తెలీదూ?"

అంతే అయ్యుంటుంది. అంతే అయ్యుండాలి.

తెల్లవారగట్ల మంగాయమ్మగారు వచ్చింది. కనుబొమ్మ మీద గీత కప్పడానికి నాకు తీరిక చిక్కలేదు. ఫొటో చేతికిచ్చాను. ట్యూబులైటు కిందకి వెళ్ళి, కుడికంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మెల్లగా జరుపుకుంటూ చూసింది. పడవ. భుజాలు. తువ్వాలు.

ఆగింది. బొటనవేలు ఎడం కనుబొమ్మ మీద పెట్టింది.

"ఈ గీత..."

"అది నెగిటివు మీద గీతమ్మా, నేను..."

"కాదండి బాబుగారూ. గాలం సీరేసిందండి. పెళ్ళైన కొత్తలో. నేనే కొబ్బరినూనె రాసేనండి." ఆ గీత మీదే బొటనవేలు మెల్లగా రాసింది. "ఇదేనండి. ఇదే మర్సిపోయేను. ఇది గుర్తొచ్చేకా మొత్తం మొకం వచ్చేసిందండి."

ఫొటో ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బొడ్డులో దోపుకుని, బస్సెక్కింది.

మంగాయమ్మగారి మేనకోడలు ఈమధ్య బజారులో కనపడి చెప్పింది. ఆపరేషను తర్వాత చూపు నిలవలేదట. కానీ ఆ ఫొటోకి కట్టించిన ఫ్రేము తడిమి, అద్దం మీద నుంచే, కనుబొమ్మ మీది గీత సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుందట. "నాకు ఆనుతూనే ఉందే" అంటుందట.

ఇదీ జరిగింది.

ఇప్పుడు చెయ్యి మీద ఒట్టు వేశాను కాబట్టి, ఆ చేత్తోనే రేపు అన్నం తినాలి కాబట్టి, ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో ఒక ముక్క నేను కల్పించాను.

ఆ "ఆయ్" అనుకుంటున్నారు కదూ? కాదు. గడియా కాదు. ట్రే కూడా కాదు. అవన్నీ జరిగినవి జరిగినట్టే చెప్పాను.

మొదట్లో, నెగిటివులో ముఖం ఉంది, అద్దం మీద ఊపిరంత మరక ఉంది అన్నాను చూడండి. అదే కల్పన. అలా చెబితేనే మీరు ఇక్కడి దాకా వింటారు. మరీ కరుగ్గా ఉన్నచోట కాస్త పసుపు ఫిల్టరు పెట్టాను, అంతే.

అక్కడ ఏమీ లేదండీ. నాన్నగారు ఉన్నమాటే చెప్పారు. ముఖం రాలేదు. ఆవిడని ఉత్తచేతులతో పంపలేక, కనీసం భుజాలైనా ఇద్దామని ఆ గదిలోకి వెళ్ళాను. నెగిటివు ఇప్పటికీ నా జేబులో ఉంది. తువ్వాలు కింద, ముఖం ఉండాల్సిన చోట, ఫిల్ము కడిగిన గాజులా ఖాళీ.

నిన్న వీర్రాజుకి చూడమని ఇచ్చాను. ఆకాశం వైపు ఎత్తి, ఆ ఖాళీలోంచి తన వేలు తనే చూసుకున్నాడు. ఆవిడకి ఇచ్చేముందు ఫోన్లో తీసిపెట్టుకున్న ప్రింటు చూపించాను. మళ్ళీ నెగిటివు ఎత్తాడు. మళ్ళీ ప్రింటు చూశాడు.

"ఒట్టా అండి?" అన్నాడు.

"ఒట్టు" అన్నాను.

గ్లాసు వాడి చేతిలోనే ఉండిపోయింది. లేవలేదు.